పోగు తెగితే వంగాలి

“నీ కొంగు ఆ పట్టాల చిక్కితే మంది నిన్నంటరా, నన్నంటరా?” అంది కోడలు.

“ఎవ్వల్ని ఎవ్వలేమంటరు? కొంగు దోపుకునే కూసుంటున్న. పొద్దటి సంది చూస్తలేవా?”

“చూస్తున్న గాబట్టే చెప్తున్న. ఇయ్యాల మిషన్ మీదికి ఒరిగినవు. నేను ఉరికొచ్చి పట్టుకోకుంటే ఏమయ్యేది?”

“ఒరిగిన. పడలే గద.”

“పడ్డంక నాతోని కొట్లాడనీకె నువ్వుంటవా అత్తా?”

“ఉంటనో పోతనో అది నా ఫికర్. నువ్వు నీ బీడీలు చూసుకో. రేపు కార్ఖానల కట్టలు తక్కువున్నయంటే నా మొఖం చూడకు.”

“బీడీలు పోతే పోనియ్. చెయ్యి పోతే మల్ల మొలుస్తదా?”

మా ఇంట్లో సాంచాలు నడుస్తున్నంతసేపు ఎవరూ కొట్లాడుకోరు. సాంచాలంటే మరమగ్గాలు. ముందు అర్రలో రెండున్నాయి. అవి ఆడుతుంటే పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినపడదు. చేతులతో చెప్పుకోవాలి, లేదా పెదవులు చూసి తెలుసుకోవాలి. అందుకే మా వాడకట్టులో కొట్లాటలన్నీ కరెంటు పోయినప్పుడే జరుగుతాయి. కరెంటు రాగానే ఎవరి పనికి వాళ్ళు పోతారు. సగం మాట నోట్లోనే ఉండిపోతుంది.

ఆ సాయంత్రం కరెంటు ఉంది. కొడుకే రెండు సాంచాలూ ఆపాడు. చేతుల నూనె గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి వెనక వసారా గడప మీద కూర్చున్నాడు. నడిచే సాంచాను వాడు ఊరికే ఆపడు. జ్వరమొచ్చినా ఆపడు. వాడు ఆపి వచ్చాడంటేనే నాకు అర్థమైంది, ఇది కోడలి మాట ఒక్కటే కాదని.

“అవ్వా, రేపటి సంది నువ్వు మిషన్ కాడ కూసోకు,” అన్నాడు.

“మరి నేనేం జెయ్యాలె?”

“ఏం జెయ్యకు. తిను. కూసో.”

“ఊకె కూసోని తిన్న మనిషిని ఈ ఇంట్ల ఎన్నడన్న చూసినవా?”

వాడు చూసి ఉండడు. వాడి బాపు మంచాన పడేదాకా సాంచాల ముందే నిలబడ్డాడు. మంచాన పడ్డాక ఎక్కువ రోజులు లేడు.

నాది కండెల పని. వసారాలో గోడ వారకు ఒక చిన్న మిషన్ ఉంటుంది. చెక్క చట్టం, దాని మీద వరసగా తిరిగే కదుర్లు, పక్కన ఒక మోటారు, మోటారుకూ చట్టానికీ మధ్య ఒక పట్టా. కింద నేల మీద దారం కోన్లు నిలబెట్టి ఉంటాయి. కోను మీది దారం పైకి వచ్చి, తిరిగే కండె మీద చుట్టుకుంటుంది. ఆ కండె నాడెలో కూర్చుంటుంది. నాడె అటూ ఇటూ పరుగెత్తితే బట్ట అవుతుంది. కండెలు లేకపోతే సాంచాలు రెండూ ఉత్త ఇనుము. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు చెయ్యి రాట్నం ఉండేది. తర్వాత ఈ మిషన్ వచ్చింది. రాట్నం మీద రోజంతా పోసినన్ని కండెలు ఈ మిషన్ మీద పొద్దుపొడుపు నుంచి అన్నం వేళలోపే అయిపోతాయి. నేను అంతకంటే ముందే చేసేదాన్ని. చదువు మూడో తరగతిలోనే ఆగింది కానీ చేతులు ఎక్కడా ఆగలేదు.

ఈ పనిలో ఒక్కటే కష్టం. పోగు తెగుతుంది. తెగితే ఆ కొస కింద కోను మీదికి పడిపోతుంది. పీట మీద నుంచి వంగి, తల చట్టం కిందికి పెట్టి, కొస దొరకబట్టి, పైకి లేచి, కండె మీది కొసతో కలిపి ముడి వేయాలి. మిగతా కండెలు తిరుగుతూనే ఉంటాయి. ఎన్నిసార్లు పోగు తెగితే అన్నిసార్లు వంగాలి. జన్మంతా వంగి లేచిన నడుము నాది. అది ఒక పని అని కూడా ఎన్నడూ అనుకోలేదు.

తల తిరగడం మొదట వచ్చింది పోగు దగ్గర కాదు, పడక మీద. తెల్లారుజామున కుడి పక్కకు ఒత్తిగిలాను. ఇల్లు కదిలింది. నేను మొదట సాంచాలు నడుస్తున్నాయనుకున్నాను. మా ఇంట్లో సాంచాలు ఆడుతుంటే నేల సన్నగా అదురుతుంది, మంచం కోళ్ళ దాకా తెలుస్తుంది. కొడుకు ఇంత పొద్దున్నే ఎందుకు మొదలుపెట్టాడా అని విన్నాను. చప్పుడు లేదు. కొడుకు నిద్రలో ఉన్నాడు. చప్పుడు లేకుండా ఇల్లు మాత్రం తిరుగుతోంది. దూలాలు ఒక వైపుకు జారిపోతున్నాయి, మళ్ళీ మొదటి చోటికి వచ్చి మళ్ళీ జారుతున్నాయి. కళ్ళు మూసుకున్నా తగ్గలేదు. మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని పడుకున్నాను. కాసేపటికి ఆగింది. లేచి వాకిలి ఊడ్చాను.

పైత్యం అనుకున్నాను. పరగడుపున అల్లం నమిలాను. ఎండ అనుకున్నాను. ఉప్పు వేసిన గంజి తాగాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే దవాఖాన అంటారు. దవాఖాన అంటే పని పోగొట్టుకునేది ఇద్దరు, పోయేది నేనూ తోడొచ్చే కొడుకూ. ఆ రోజంతా సాంచాలు నిలబడతాయి.

కానీ చెప్పకపోతే కనపడదా. కిరాణా దుకాణానికి పోయి వస్తుంటే పక్కింటి వదిన అరుగు మీద నుంచి పిలిచింది.

“ఏందే, అటుమల్లి ఇటుమల్లి నడుస్తున్నవు. పొద్దుగాల పొద్దుగాల్నే కల్లు మండువకు పోయొచ్చినవా?”

“నా పైసలతోని కల్లు తాగే అలవాటు నాకు లే.”

“మరి ఎవ్వలు తాపిండ్రే? నాకు జర చెప్పు, నేను గూడ పోత.”

నవ్వి ఇంటికి వచ్చాను. ఇంటి దాకా గోడలు పట్టుకునే వచ్చాను. గోడ లేని చోట, రెండిళ్ళ మధ్య సందు దగ్గర, చాలాసేపు నిలబడ్డాను. నాలుగు అంగల సందు అది. దాన్ని దాటడానికి ఎదురుగా ఎవరైనా మనిషి వస్తే బాగుండునని చూశాను. రాలేదు. ముందుకు పోలేక, వెనక్కి పోలేక నిలబడ్డ ఆ కాస్త సేపట్లో నాకు తెలిసింది, ఇది పైత్యం కాదని.

తర్వాత అది పోగు దగ్గరికి వచ్చింది. వంగి తల కిందికి పెట్టగానే కోన్లన్నీ ఒక దాని వెనక ఒకటి పరుగు పెట్టేవి. లేచేసరికి గోడ పరుగు పెట్టేది. ఒకసారి తెగిన పోగు కోసం వంగినదాన్ని, లేవడానికి చట్టం పట్టుకున్నాను. అప్పటి నుంచి నా ఎడమ చెయ్యి ఆ చట్టాన్ని వదల్లేదు. కూర్చున్నా పట్టుకోవాలి, లేచినా పట్టుకోవాలి. పట్టుకోకపోతే కూర్చున్న పీట కింద నేల ఉందో లేదో తెలియదు.

వంగకుండా ఉండాలని ఒక ఉపాయం చేశాను. విరిగిన గొడుగు ఇంట్లో ఉంది, పారేయలేదు. దాని పుల్ల ఒకటి తీసి కొసను కొక్కెంలా వంచాను. దానితో కూర్చున్న చోటు నుంచే కింది కోను మీది కొసను లాగేదాన్ని. దారం పైకి వచ్చేది. కానీ ముడికి రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి చట్టం మీద ఉంది. చట్టం వదిలితే నేను పోతాను, పుల్ల వదిలితే దారం పోతుంది. అందుకని కుడిచేతి వేలు నాలికతో తడి చేసుకుని, ఆ తడితో కొసను కండె మీదికి అంటించి, అట్లాగే తిప్పేసేదాన్ని. పై చుట్లు పడేసరికి కొస లోపలికి పోయేది. బయటికి చూస్తే మంచి కండె. లోపల ముడి లేదు.

ముడి లేని కండె నాడెలో ఏం చేస్తుందో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు. దారం ఆ చోటికి వచ్చేసరికి అయిపోతుంది. నాడె ఉత్తగా పరుగెత్తుతుంది. బట్టలో సన్నటి గీత పడుతుంది. ఎప్పుడో ఒకటి పడితే ఎవరూ ఏమీ అనరు. నేను ఒకటో రెండో అనుకున్నాను. తెగిన ప్రతిసారీ అదే చేస్తున్నానని నాకే తెలియకుండా పోయింది.

మాకు దారమిచ్చి బట్ట నేయించుకునే సేటు, నేసిన తానును వెనక్కి పంపాడు. కొడుకు దాన్ని నులక మంచం మీద పరిచి వెలుతురుకు చూశాడు. గీతలు. మొదట దారం మంచిది కాదన్నాడు. తర్వాత సాంచా పట్టు తప్పిందన్నాడు. పానాలు పట్టుకుని సాంచా కింద దూరాడు. నేను వసారాలో కూర్చుని ఆ ఇనుము చప్పుడు విన్నాను. నోట్లోకి మాట వచ్చింది. అది బయటికి రాకముందే వాడు లేచి నా ముందుకు వచ్చాడు. చేతిలో సగం విప్పిన కండె ఉంది.

“అవ్వా, ముడి ఏది?”

గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నేనూ గట్టిగా ఏదో అనేదాన్ని. వాడు ఆ కొసను నా కళ్ళ ముందుకు తెచ్చి, చిన్నప్పుడు విరిగిన బలపం తెచ్చి చూపినట్టు చూపాడు.

“వంగితే తల తిరిగి చక్కరొస్తుంది బిడ్డా. చెయ్యి ఖాళీ ఉంటలే,” అన్నాను.

“ఎన్నొద్దుల సంది?”

“ఎండకాలం సంది.”

“ఎండకాలం సంది సప్పుడు చెయ్యకుంటున్నవా?”

“చెప్తే నువ్వేం జేద్దువు? వంగుడు నేర్పుదువా?”

మర్నాడు సాంచాలు ఆపుకుని నన్ను కరీంనగర్ తీసుకుపోయాడు. బస్సు మలుపు తిరిగిన ప్రతిచోటా నేను ముందు సీటు రాడ్ రెండు చేతులా పట్టుకున్నాను. వాడు నా వైపు చూడకుండా కిటికీ బయటికి చూశాడు. చూస్తే నేను చేతులు తీసేస్తానని వాడికి తెలుసు.

దవాఖానలో డాక్టరు వయసులో నా కొడుకు కంటే చిన్నవాడు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టాడు. బల్ల చివర నుంచి తల కిందికి వేలాడింది. గోడలు, ఫ్యాను, డాక్టరు ముఖం, అన్నీ ఒక వైపుకు కొట్టుకుపోయాయి. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలియదు. వాంతి అయింది. కొడుకు పరుగున వచ్చి తన తువ్వాల పట్టాడు. డాక్టరు నా కళ్ళను చూస్తూ ఇదే, ఇదే అన్నాడు. పోయిన వస్తువు దొరికినట్టు అన్నాడు. తర్వాత నెమ్మదిగా తల ఇంకో పక్కకు, ఆ పక్క నుంచి ఒంటిని మొత్తం తిప్పి, లేపి కూర్చోబెట్టాడు.

చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట. మనిషి నిలబడ్డాడా, వంగాడా చెప్పేవి అవేనట. వయసు మీద పడితే కొందరికి అవి ఉన్న చోటు నుంచి జారి ఇంకో చోట పడతాయట. అప్పుడు తల కదిపితే లోకం తిరుగుతుందట. దానికి తోడు, లేచి నిలబడగానే బీపీ కూడా పడిపోతోందన్నాడు. సాంచాల చప్పుడుకు చెవుడు కూడా వచ్చిందన్నాడు. అది నేను చెప్పకుండానే కనిపెట్టాడు, రెండుసార్లు అడిగితే గానీ జవాబు చెప్పడం లేదు కాబట్టి.

“ఏం పని చేస్తారమ్మా?”

“కండెలు చుడుత సారూ.”

“వంగి చేసే పనా?”

“పోగు తెగితే వంగాలె.”

“వంగకూడదు. పైకి చూడకూడదు. తిరిగే మిషన్ దగ్గర అసలే కూర్చోకూడదు. పడితే తుంటి విరుగుతుంది. ఈ వయసులో అతకడం కష్టం.”

“దీంతోని సస్తరా సారూ?”

“చావరమ్మా. భయపడకండి. ఇది చచ్చే రోగం కాదు.”

“మరి ఇది పట్టుకోని ఎన్నేండ్లు ఉండాలె?”

ఆయన నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి ఆపాడు. మళ్ళీ వస్తే మళ్ళీ రండి, ఇట్లాగే తిప్పుతాను అన్నాడు.

నిజం చెప్పాలి, ఆ తిప్పుడుతో తగ్గింది. ఇంటికి వచ్చి రెండు పక్కలకూ ఒత్తిగిలి చూశాను. ఇల్లు కదల్లేదు. మిషన్ దగ్గర కూర్చున్నాను, పోగు తెగింది, వంగాను, లేచాను, రెండు చేతులతో ముడి వేశాను. గొడుగు పుల్లను తీసి పొయ్యి వెనక పడేశాను. ఆ వారం నా చేతుల మీద వచ్చిన కండెలు ఎంత మంచివో నాకు తెలుసు. ఇంకో వారం కూడా బాగానే ఉన్నాను. ఆ తర్వాత ఒకరోజు తలకు పోసుకుంటూ చెంబు ఎత్తి కళ్ళు మూశాను. స్నానాల గది నా చుట్టూ తిరిగింది. గోడకు జారి కూర్చున్నాను. తల నిండా సబ్బు. పిలవడానికి నోరు రాలేదు. పిలిస్తే కోడలు వస్తుంది, వస్తే అన్నీ తెలుస్తాయి. కళ్ళల్లో సబ్బు మండుతుంటే అట్లాగే కూర్చున్నాను.

ఇంకోసారి పోయాము. మళ్ళీ తిప్పాడు. ఈసారి వారం కూడా నిలవలేదు. కొందరికి మళ్ళీ మళ్ళీ వస్తుందన్నాడు. మూడోసారి పోదామని కొడుకు అన్నాడు. నేను రానన్నాను. పోవడం, సాంచాలు ఆగడం, తగ్గిందని సంబరపడడం, మళ్ళీ రావడం. ఆ సంబరమే నాకు పడలేదు. రోగం కంటే అది ఎక్కువ నొప్పి.

ఇది గాయం కాదు, కట్టు కట్టడానికి. జ్వరం కాదు, ఒళ్ళు ముట్టి చూడడానికి. కూర్చున్నప్పుడు నేను మంచి మనిషిని. అన్నం తింటాను, లెక్క చెబుతాను, కూరలో ఉప్పు తక్కువైతే అంటాను. చూసినవాళ్ళకు ఏ రోగమూ కనపడదు. లేస్తేనే నేను వేరే మనిషిని. ఒక్కొక్కటీ నా చేతుల్లోంచి పోయింది. దండెం మీద బట్టలు ఆరేయడం పోయింది, పైకి చూడాలి కాబట్టి. పొయ్యి ఊదడం పోయింది. బియ్యం డబ్బా అడుగు నుంచి గిన్నెడు బియ్యం తీయడం పోయింది. పడుకోవడం కూడా పోయినట్టే, మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోతున్నాను. బతుకమ్మ నాడు ఆడవాళ్ళందరూ గుండ్రంగా తిరుగుతుంటే నేను ఒక అరుగు మీద కూర్చుని నేల వైపు చూశాను. వాళ్ళ వైపు చూస్తే వాళ్ళతో పాటు అన్నీ తిరుగుతున్నాయి. పాట మాత్రం విన్నాను. అది కూడా సగమే వినపడింది.

మంచం నుంచి మిషన్ దాకా గోడ మీద ఒక మరక పడింది. నా చెయ్యి ఎత్తున, పొడుగునా. సున్నం మీద నల్లగా. ఒకరోజు కోడలు నీళ్ళు, పీచు తీసుకుని దాన్ని రుద్దుతోంది.

“ఎందుకు కడుగుతున్నవు? రేపు మల్ల పడ్తది,” అన్నాను.

“పండుగకు సున్నమేస్తమంటే వద్దంటివి. గోడ గిట్లుంటే వచ్చినోళ్ళు ఏమనుకుంటరు?”

“ఈ ఇంట్ల ముసల్ది నడుస్తుందనుకుంటరు.”

ఆమె పీచు నీళ్ళలో వేసి లేచింది. తర్వాత ఆ మరకను అట్లాగే ఉంచింది.

నాకు చావు భయం లేదు. మంచం భయం ఉంది. మా ఆడబిడ్డ బోరింగు దగ్గర తల తిరిగి పడింది. తుంటి విరిగింది. ఆమెకు నేనే అన్నం కలిపి పెట్టాను, నేనే బట్ట మార్చాను. నోరున్న మనిషి. మొదట్లో అన్నంలో కారం ఎక్కువైందని తిట్టేది. తర్వాత తిట్టడం మానేసింది. పెట్టింది తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. పోయేదాకా అట్లాగే ఉంది. ఆమె తిట్టడం మానేసిన రోజే పోయిందని నేను అనుకుంటాను. మా కోడలు ఇవన్నీ చూసింది. నేను మిషన్ మీదికి ఒరిగినప్పుడు ఆమె ముఖంలో కనపడింది నా మీద కోపం కాదు, ఆ మంచం.

ఆ రోజు జరిగింది ఇంతే. పోగు తెగింది. పొయ్యి వెనక నుంచి గొడుగు పుల్లను మళ్ళీ ఎప్పుడో తెచ్చుకున్నాను, రెండు రోజుల నుంచి మళ్ళీ ముడి లేకుండానే చుడుతున్నాను, కానీ అప్పుడు కొడుకు ముడి ఏది అని అడిగిన మాట గుర్తొచ్చి దాన్ని ముట్టడానికి మనసొప్పలేదు. వంగాను. చెయ్యి చట్టం మీద ఉంటే ముడి పడదని చెయ్యి వదిలాను. అంతే. నేల పైకి వచ్చింది. కోడలు బీడీల చాట అవతల పడేసి వచ్చి నా రెక్క పట్టి లాగింది. తునికాకు, తంబాకు వసారా నిండా చెల్లాచెదురైంది. నా కొంగు అప్పటికే దోపు నుంచి ఊడి పట్టాకు బెత్తెడు దూరంలో ఉంది. అది నేను చూశాను. చూడలేదని చెప్పాను.

ఆ సాయంత్రం గడప మీద కూర్చున్న కొడుకుతో నేను ఇట్లా అన్నాను: “నేను లేస్తే కండెలు ఎవ్వలు చుడుతరు? కూలికి మనిషిని పెడ్తవా?”

“కూలికి పెడితే ఏం మిగులుతది అవ్వా?”

“నేను చుడుత,” అంది కోడలు.

“నువ్వు చుడితే బీడీలు?” అన్నాను నేను.

“బందు పెడ్త.”

“బందు పెడితే కార్ఖానల పనిచ్చే నీ కార్డు ఇంకొకరికి పోతది. పెండ్లికి ముందు సంది చేసిన కార్డు.”

“పోనియ్.”

“పోనియ్ అన్నంత అల్కగ ఉన్నదా? నా కూడు కోసం నీ కూడు పోగొట్టుకుంటున్నవు.”

“నీ కూడు కోసం కాదత్తా. నువ్వు మంచాన పడితే ఎత్తిపోసుడు నాతోని గాదు, అందుకు.”

అని, అన్న మాట తనకే వినపడి, లేచి లోపలికి పోయింది. పొయ్యి దగ్గర గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె స్థానంలో నేను ఉంటే ఈ మాట ఇంకా ముందే అనేదాన్ని.

కొడుకు లేచాడు. మోటారు దగ్గర కూర్చుని మిషన్ పట్టా ఊడదీశాడు. దాన్ని చుట్టగా చుట్టి, ముందు అర్రలోకి తీసుకుపోయి, దూలం కింద గోడకున్న మేకుకు తగిలించాడు. పట్టాలు ఎప్పుడూ అక్కడే తగిలిస్తాము. ఒకప్పుడు ఎలుకలు ఒక కొత్త పట్టాను కొరికేస్తే, వాటికి అందనంత ఎత్తున మేకు కొట్టమని వాళ్ళ బాపుకు చెప్పింది నేనే. తర్వాత కొడుకు సాంచాలు మొదలుపెట్టాడు. ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

తెల్లవారి నేను అందరికంటే ముందు లేచాను. డాక్టరు చెప్పినట్టు మంచం మీదే కాసేపు కూర్చుని, కాళ్ళు కిందికి పెట్టి ఇంకాసేపు కూర్చుని, అప్పుడు నిలబడ్డాను. గోడ పట్టుకుని ముందు అర్రలోకి పోయాను. ఇల్లు నిమ్మళంగా ఉంది. పట్టా తీసుకుని మోటారుకు వేసుకుందామని, వాళ్ళు లేచేసరికి కొన్ని కండెలు చుట్టి చూపిద్దామని అనుకున్నాను.

మేకు కింద నిలబడ్డాను. తల వంచుకునే చెయ్యి పైకి చాచి తడిమాను. వేళ్ళకు గోడ తగిలింది. మునివేళ్ళ మీద నిలబడి మళ్ళీ తడిమాను. గోడే తగిలింది. మేకు ఎక్కడుందో చూడకుండా దొరకదు. ముఖం పైకి ఎత్తాను. పట్టా కనపడింది. వెంటనే అది ఒక పక్కకు పోయింది, దానితో దూలం, గోడ పోయాయి. సాంచా కాలు దొరికింది. దాన్ని పట్టుకుని కిందికి జారాను.

కోడలు లేచి వచ్చేసరికి నేను అట్లాగే కూర్చుని ఉన్నాను. పైన పట్టాను చూసింది, నన్ను చూసింది. చంకల కింద చేతులు పెట్టి లేపి, వసారాలోకి నడిపించి, గోడకు ఆనించి కూర్చోబెట్టింది. తిరిగి పోయి పట్టా తీసుకొచ్చి మోటారుకు వేసింది. తన బీడీల చాటను దులిపి, బోర్లించి, గోడకు నిలబెట్టింది. నా పీట మీద కూర్చుని మిషన్ మొదలుపెట్టింది. కాసేపటికి పోగు తెగింది. వంగి, కొస తీసి, లేచి ముడి వేసింది. నిదానంగా వేసింది, కానీ వేసింది.

కొడుకు చాయ తాగి, ఒక గంప తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో రెండు రోజులుగా నేను చుట్టిన కండెలు ఉన్నాయి.

“ఇవి నాడెల పెట్టలేనవ్వా. దారం ఆగం గావద్దు. విప్పి ఉండ చుట్టు,” అన్నాడు.

దారం ఆగం కావద్దనేది, అంటే వృథా పోవద్దనేది, ఈ ఇంట్లో నేను ఎప్పుడూ అనే మాట. ఒక కండె తీసుకుని విప్పాను. వీపు గోడకు ఆని ఉంది కాబట్టి రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. కొంత దూరం విప్పాక దారం ఒక చోట దానంతట అదే అయిపోయింది. రెండో కొస కండె మీద వెతికి పట్టుకున్నాను. అక్కడ ముడి వేశాను. ముందు అర్రలో సాంచాలు మొదలయ్యాయి.